ముందు గూడ్సు బండి

రాత్రి 11:10కి ప్యాసింజరు గిద్దలూరులో ఆగింది. చక్రాలు కీచుమన్నాయి, పెట్టెలు ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి, ఆఖర్న కింద ఎక్కడో గాలి బుస్సుమంది. ఈ దారిలో తిరిగే వాళ్లకి ఆ బుస్సు అర్థం తెలుసు. రెండు నిమిషాల్లో కదిలే బండి అలా చప్పుడు చెయ్యదు.

మీరు కిటికీ పక్కన కూర్చున్నారు. గిద్దలూరు వాళ్లు దిగిపోయారు. బస్తాలు, బిందెలు, నిద్రలో తూలే పిల్లలు, అందరూ గేటు వైపు వెళ్లిపోయారు. పెట్టెలో మిగిలింది నల్లమల దాటి వెళ్లాల్సిన వాళ్లే. ఎదుటి సీట్లో ఒక అవ్వ, ఒళ్లో సద్దిమూట. ఇంకో రెండు రోజుల్లో శివరాత్రి. తెల్లారేలోపు గాజులపల్లెలో దిగి మహానంది చేరి, కోనేట్లో మునగాలన్నది ఆమె లెక్క. ఆమె పక్కన మార్కాపురం రోడ్డులో ఎక్కిన పలకల వ్యాపారి. గోనెసంచిలో చుట్టిన నమూనా పలకల్ని కాళ్ల మధ్య పెట్టుకుని, ఎవరి కాలు తగిలినా ఉలిక్కిపడుతున్నాడు.

"ఏంది నాయనా, కదలదే?" అంది అవ్వ.

"క్రాసింగ్ అవ్వా. ఎదురు బండి రావాల."

"ఏ బండి?"

అది మీకూ తెలీదు. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే, దూరాన ఎర్ర లైటు. దాని వెనక అడవి. శివరాత్రి ముందరి చీకటి కాబట్టి కొండ ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలీడం లేదు.

ఈ మార్గానికి రెండో లైను ఇంకా మాటల్లోనే ఉన్న రోజులివి. గుంటూరు నుంచి గుంతకల్లు దాకా 401 కిలోమీటర్లు ఒకే లైను. 1880ల చివర్లో మీటర్ గేజ్‌గా వేశారు, 1990లలో బ్రాడ్ గేజ్ చేశారు. గేజ్ వెడల్పయింది కానీ దారి ఒక్కటే మిగిలింది. వచ్చే బండీ పోయే బండీ దాని మీదే. దొనకొండ, గజ్జెలకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, జగ్గంబొట్ల కృష్ణాపురం, సోమిదేవిపల్లె, గిద్దలూరు. ఇవి ఊళ్ల పేర్లే అయినా, బండ్లు నడిపే వాళ్లకి మాత్రం ఒకదాన్నొకటి తప్పించుకునే చోట్లు. గిద్దలూరు దాటితే దిగువమెట్ట, ఆ తర్వాత కొండ. పాత లైను రోజుల్లో ఆ కొండలో బొగద అని ఒక స్టేషను కూడా ఉండేది. బోగదా అంటేనే సొరంగం కాబట్టి ఆ స్టేషన్‌కి పేరు వెతకడానికి ఎవరూ పెద్దగా కష్టపడినట్టు లేదు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఇద్దరికి కావాల్సిన వస్తువు ఒక్కటే ఉంది, ఒకేసారి ఒకరే వాడాలి. ఈ రాత్రి మీ కథంతా అదే. మీ జేబులో ఫోను లోపల సెకనుకి వేలసార్లు నడిచే కథ కూడా అదే.

ప్లాట్‌ఫారం మీద టీ కేక వినిపించింది. దిగండి, ఎలాగూ కదలదు.

స్టేషన్ మాస్టరు గది తలుపు తెరిచే ఉంది. బల్ల మీద మందపాటి రిజిస్టర్లు, గోడకి గడియారం, చెవికి ఆనించుకున్న ఫోను. ఆయన లోకంలో అన్నిటికంటే విలువైన మాట "లైన్ క్లియర్". అవతలి స్టేషను లైన్ క్లియర్ ఇస్తేనే ఇవతలి నుంచి బండి కదులుతుంది. బండి పూర్తిగా అవతలికి చేరిందాకా మధ్యలోకి ఇంకే బండినీ వదలరు. మన ఊళ్లలో పెళ్లి కుదిరినా, టికెట్ ఖాయమైనా, అప్పు పుట్టినా "లైన్ క్లియర్ అయింది" అంటాం. ఆ మాట ఈ గదుల్లోంచే వచ్చింది.

సింగిల్ లైన్లలో టోకెన్ పద్ధతి నడిచిన చోట ఆ మాటకి ఒక రూపం కూడా ఉండేది. అరచేతిలో పట్టే ఇనుప గోళం. దాన్ని తోలు సంచిలో వేసి, సంచిని బెత్తపు చట్రానికి కట్టి, నడుస్తున్న ఇంజన్‌లోకి అందించేవాళ్లు. డ్రైవరు చెయ్యి చాపి చట్రాన్ని మోచేతికి తగిలించుకునేవాడు. రెండు స్టేషన్లలోని మిషన్లకీ లోపల లంకె ఉంటుంది. ఒకదాంట్లోంచి ఒక గోళం బయటికొచ్చిందంటే, అది తిరిగి మిషన్లో పడిందాకా ఇంకోటి రాదు. గోళం ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్లది.

1960ల మొదట్లో ఎట్స్‌హర్ డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్తకి సరిగ్గా ఇదే చిక్కు కంప్యూటర్‌లో ఎదురైంది. రెండు ప్రోగ్రాములు ఒకే సామగ్రిని ఒకేసారి ముట్టుకుంటే లెక్కలు తారుమారవుతాయి. ఒకటి వాడుతున్నంతసేపు రెండోది ఆగాలి. ఆ ఏర్పాటుకి ఆయన పెట్టిన పేరు సెమాఫోర్, అంటే రైలు సిగ్నల్ చెయ్యి. అరవై ఏళ్లుగా కంప్యూటర్ చదువుకునే ప్రతి పిల్లవాడూ ఆ పేరు బట్టీ పడుతున్నాడు. వాళ్లలో కొందరు ఇదే ప్యాసింజర్లో ఇదే సిగ్నల్ దగ్గర ఆగి, ఆకలేసి తిట్టుకున్న వాళ్లే అయుంటారు.

టీ చల్లారేలోపు గుంటూరు వెళ్లొద్దాం.

మీ బండిని ఆపింది గిద్దలూరు మాస్టరు కాదు. దాదాపు 200 కిలోమీటర్ల అవతల గుంటూరులో, డివిజన్ కంట్రోల్ ఆఫీసులో కూర్చున్న సెక్షన్ కంట్రోలరు. 2003లో గుంటూరు డివిజన్ ఏర్పడిన దగ్గర్నుంచి ఈ లైను అక్కడి బోర్డు కిందికొచ్చింది. నంద్యాల అవతల గుంతకల్లు డివిజను. ఒకప్పుడు కంట్రోలరు ముందు పెద్ద కాగితం, రంగు పెన్సిళ్లు ఉండేవి. ఇప్పుడు కంప్యూటర్ తెర. రైల్వేల సొంత సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ తయారు చేసిన ప్రోగ్రాము. గీసేది మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకే బొమ్మ.

ఆయన భుజం మీంచి తొంగి చూడండి. ఎడమ నుంచి కుడికి గంటలు, నిమిషాలు. పై నుంచి కిందికి వరసగా స్టేషన్ల పేర్లు. ప్రతి బండీ ఒక ఏటవాలు గీత. గుంటూరు నుంచి పోయేది కిందికి జారుతుంది, నంద్యాల నుంచి వచ్చేది పైకి ఎక్కుతుంది. గీత నిటారుగా ఉంటే బండి జోరుగా ఉన్నట్టు. అడ్డంగా పడుకుంటే ఎక్కడో ఆగినట్టు. గిద్దలూరు పేరు పక్కన 11:10 నుంచి అడ్డంగా సాగుతున్న ఆ గీతే మీరు, అవ్వ, పలకల సంచి.

ఈ బొమ్మలో సూత్రం ఒక్కటే. ఎదురెదురు గీతలు ఖండించుకోవాలంటే స్టేషన్ పేరు ఉన్న చోటే ఖండించుకోవాలి. రెండు పేర్ల మధ్య ఖాళీలో కలిసే గీతల్ని ఏ కంట్రోలరూ గీయడు.

మరి ఎక్కడ ఎవరు ఆగాలి? దీనికి ఆయన దగ్గర రెండు కొలతలున్నాయి. మొదటిది హోదా. ప్రమాదం జరిగిన చోటికి పరుగెత్తే రిలీఫ్ రైలు వస్తుంటే మిగతావన్నీ పక్కకి తప్పుకోవాల్సిందే. ఆ కింద సూపర్‌ఫాస్టులు, మెయిళ్లు, ఎక్స్‌ప్రెస్‌లు. ఈ లైన్లో ప్రశాంతి, అమరావతి, కొండవీడు లాంటివి. వాటి కింద మన ప్యాసింజర్లు. అన్నిటి కంటే కింద గూడ్సు. రెండో కొలత గడువు. ఎక్స్‌ప్రెస్‌కి టైంటేబులు గడువు. గూడ్సుకి టైంటేబులు లేదనుకుంటాం కానీ దానికీ ఒక గడువుంది. నడిపే మనిషి డ్యూటీ గంటలకి హద్దుంటుంది. ఆ హద్దు దాటేలోపు మనిషిని మార్చే చోటికి బండి చేరకపోతే, అది ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ చోటు చిన్న స్టేషన్లో బండ్లు పక్కకి తప్పుకునే లూపు లైనైతే, ఆ రాత్రికి ఆ స్టేషన్లో క్రాసింగులు పెట్టడమే కష్టమవుతుంది. అంటే హోదాలో అందరికంటే కిందున్న బండికి అందరికంటే కఠినమైన గడువు. ఎక్స్‌ప్రెస్ పది నిమిషాలు ఆలస్యమైతే జనం తిడతారు, అంతే. గూడ్సు తన గడువు తప్పిందంటే దారే మూసుకుపోతుంది.

ముఖ్యమైన పని వేరు, తొందరైన పని వేరు. మనం రోజూ రెండిటినీ ఒక సంచిలో వేసి కలిపేస్తాం. ఎక్స్‌ప్రెస్ ముఖ్యం. గూడ్సు డ్రైవరు గంటలు తొందర.

బండెక్కండి, పలకల వ్యాపారి ఏదో చెబుతున్నాడు.

"జూన్‌లో బడులు తెరుస్తారు గదన్నా. ఆలోపే అందరికీ సరుకు కావాల. మిషన్ ఒక్కటే. పోయినేడు ముందు గడువున్న వాడిది ముందు కోద్దామని పెట్టుకున్న్యా."

"మంచి పద్ధతే కదా?"

"ఏం మంచి! మొదటోడిది మధ్యలో కరెంటు పోయి నాలుగు దినాలు వెనకపడింది. గడువు దాటిపోయింది గాబట్టి వాడిదే అందరికంటే తొందరయ్యె. వాడిది పట్టుకుని కూర్చుంటే రెండోడిది దాటె. మళ్లీ రెండోడిది తొందరయ్యె. ఆఖరికి అందరిదీ లేటే. అందరి తిట్లూ నాకే."

ఆయనకి తెలియకుండానే షెడ్యూలింగ్ శాస్త్రంలో ఒక పాఠం చెప్పేశాడు. 1973లో సి.ఎల్. లియు, జేమ్స్ లేలండ్ అనే ఇద్దరు ఒక పరిశోధన పత్రం రాశారు. ఒకే ప్రాసెసర్, దాని మీద మళ్లీ మళ్లీ వచ్చే పనులు, ఒక్కోదానికీ ఒక గడువు. ఎవరిని ముందు పంపాలి? వాళ్లు రెండు పద్ధతుల్ని లెక్క కట్టారు. మొదటి దాంట్లో హోదాలు ముందే ఖాయం చేసేసి, మార్చకూడదు. అలాగైతే ఎన్ని పనులున్నా గడువులు తప్పవని హామీ ఇవ్వగలిగేది ప్రాసెసర్ వాడకం దాదాపు 69 శాతం దాకానే. రెండోది, ఎప్పటికప్పుడు ఎవరి గడువు దగ్గరుంటే వాళ్లని ముందు పంపడం. ఇదైతే పూర్తిగా నూరు శాతం దాకా ఎవరి గడువూ తప్పదు. కాగితం మీద రెండోదే గెలిచింది.

కానీ నూరు దాటితే? అప్పుడు పలకల వ్యాపారి గతే. గడువు దాటిన పనికే అందరికంటే దగ్గరి గడువు. అది ముందుకొచ్చి కూర్చుని పక్కదాన్ని ఆలస్యం చేస్తుంది. అది ఇంకోదాన్ని. వరసగా నిలబెట్టిన పలకల్లో మొదటిదాన్ని తోసినట్టే. హోదా పద్ధతిలో మాత్రం ఎంత ఒత్తిడొచ్చినా ఎవరు నష్టపోతారో ముందే తెలుసు, అందరికంటే కిందివాడు. అన్యాయమే. కానీ తెలిసిన అన్యాయం. విమానాల్లో, కార్ల బ్రేకుల్లో పనిచేసే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ హోదా పద్ధతిని వదలకపోవడానికి ఇదొక కారణం. ఒత్తిడిలో ఏది ఆగిపోతుందో ముందే తెలియడం వాళ్లకి అవసరం.

కంట్రోలరూ ఇదే చేస్తాడు. "ఒకసారి లేటైన బండి ఇంకా లేటవుతుంది" అని మనం విసుక్కుంటాం కదా, చాలాసార్లు అది కావాలని చేసేదే. వేళకి నడిచే బండిని పాడు చేసి, ఎలాగూ పాడైన బండిని బాగుచేసే ప్రయత్నం ఆయన చెయ్యడు. ఆలస్యాన్ని ఒక్క బండికే అంటగట్టి, మిగతా గీతల్ని కాపాడుకుంటాడు. ఆ ఒక్క బండిలో మనమున్నప్పుడు ఈ తర్కం రుచించదు, నిజమే.

11:38. పట్టాలు సన్నగా మోగుతున్నాయి.

"వచ్చింది, వచ్చింది!" ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ కుర్రాళ్లు సిగరెట్లు పారేసి బండెక్కారు. కొండ వైపు నుంచి ఒక వెలుగు. ముందు చిన్న చుక్క, తర్వాత పట్టాల మీద రెండు తెల్ల గీతలు. అవ్వ సద్దిమూట సర్దుకుంది. ఎక్స్‌ప్రెస్ పోతే మనకి సిగ్నలు పడుతుంది.

కానీ వెలుగు వచ్చే తీరు ఎక్స్‌ప్రెస్‌లా లేదు. నిదానంగా వస్తోంది. ఇంజను మెయిన్ లైను వదిలి అవతలి మూడో లైన్లోకి తిరిగింది. దాని వెనక పెట్టెలు. పదీ, ఇరవై, ముప్పై. తలుపుల్లేవు, కిటికీల్లేవు. నల్లటి పెట్టెలు.

"గూడ్సు!" ఎవరో అరిచారు. "గూడ్సు బండి కోసమా మనల్నింతసేపు ఆపింది?"

పెట్టెలో గోల లేచింది. మనుషుల్ని ఆపి బొగ్గుని పంపుతారా, మేమేమన్నా టికెట్ కొనకుండా ఎక్కామా, ఇదేం లెక్క. పలకల వ్యాపారి కూడా గొంతు కలిపాడు. ఒక పెద్దాయన తలుపు దగ్గరికెళ్లి, అటుగా పోతున్న పాయింట్స్‌మన్‌ని నిలదీశాడు. "ఏం బాబూ, మాకంటే ఆ గూడ్సు ఎక్కువా?"

"కంట్రోల్ ఆర్డరు పెద్దాయనా" అని అతను లాంతరు ఊపుకుంటూ వెళ్లిపోయాడు. ఈ దేశంలో అతి పొట్టి జవాబులు ఇచ్చేది రైల్వే వాళ్లే.

పెద్దాయన అడిగింది న్యాయమే. హోదా పట్టీ ప్రకారం ప్యాసింజరు పైన, గూడ్సు కింద. మరి సూత్రం తప్పిందా?

11:10 దగ్గర కంట్రోలరు చూసింది మీరూ చూడండి. గూడ్సు అప్పటికి కొండలోంచి దిగువమెట్ట వైపు దిగుతోంది, 11:20కి చేరుతుంది. దాని వెనక నంద్యాల నుంచి ఎక్స్‌ప్రెస్ వస్తోంది, 11:25కి దిగువమెట్ట అవతలి స్టేషను చలమకి చేరుతుంది. దిగువమెట్టలో బండి నిలిపే జాగా మూడు లైన్లు అనుకోండి. ఒకదాంట్లో పగటి పనికొచ్చిన కంకర బండి నిద్రపోతోంది. మిగిలినవి రెండు. పట్టీని నమ్మి ప్యాసింజర్ని వెంటనే పంపితే ఏమవుతుంది? అది 11:32కి దిగువమెట్ట చేరి రెండో లైను పట్టుకుంటుంది. గూడ్సు అప్పటికే మూడోదాంట్లో నిలబడి, మీ బండి దారి ఖాళీ చెయ్యడానికి ఎదురుచూస్తుంటుంది. మూడు లైన్లూ నిండాయి. చలమలో ఎక్స్‌ప్రెస్‌కి లైన్ క్లియర్ లేదు. అందరికంటే గొప్ప బండి ఆగింది, గూడ్సు చోటు వదల్లేదు కాబట్టి. గూడ్సు కదల్లేదు, మీ ప్యాసింజరు దానికి ఎదురొచ్చింది కాబట్టి. పైగా 58 పెట్టెలు, ఆరువందల మీటర్లు పైచిలుకు పొడవు. ఒకసారి ఆగిన గూడ్సు మళ్లీ కదిలి వేగం అందుకోవడానికి పట్టే నిమిషాలు వేరే లెక్క.

ప్రతి అడుగులోనూ హోదా పాటించారు. ప్యాసింజరు గూడ్సు కంటే పైనే నడిచింది. ఆఖరికి జరిగింది మాత్రం తలకిందులు. ప్యాసింజరు వల్ల ఎక్స్‌ప్రెస్ ఆగింది. సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు. హోదా తిరగబడటం.

ఇది పుస్తకాల్లో చిక్కు అనుకునేరు. 1997 జూలై 4న నాసా వాళ్ల పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొన్ని రోజులకి దాని కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగి, మళ్లీ మొదట్నుంచి మొదలవడం మొదలెట్టింది. ఒకసారి కాదు, పలుమార్లు. లోపల సమాచారం అంతా నడిచే దారి ఒకటుంది. ఆ దారిని చూసుకునే పని అన్నిటికంటే పైహోదాది. గాలి, ఉష్ణోగ్రత కొలిచే చిన్న పని అన్నిటికంటే కిందిది. ఆ కిందిది ఒకసారి తాళం తీసుకుని లోపలికెళ్లింది, మన ఇనుప గోళంలాంటి తాళమే. పైది వచ్చి బయట ఆగింది. అది పర్వాలేదు, క్షణంలో తాళం తిరిగొచ్చేస్తుంది. కానీ ఈలోపు భూమితో మాట్లాడే మధ్యహోదా పనులు వచ్చి, "నేను నీకంటే పైవాణ్ణి" అని కిందిదాన్ని పక్కకి నెట్టేశాయి. కిందిది తాళం వదల్లేదు, పైది ఆగే ఉంది. కాపలా గడియారం చూసి చూసి, ఇంత ముఖ్యమైన పని జరగలేదంటే ఏదో ఘోరం జరిగిందనుకుని మొత్తం కంప్యూటర్‌ని ఆపి మళ్లీ లేపింది.

ఎక్స్‌ప్రెస్, గూడ్సు, మధ్యలో మన ప్యాసింజరు. ఊరు గిద్దలూరు కాదు, అంతే తేడా.

దీనికి మందు అప్పటికే ఉంది. 1990లో లుయీ షా, రఘునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోచ్కీ ముగ్గురూ కలిసి దాన్ని శాస్త్రంగా రాశారు. ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్, అంటే హోదా అరువు. పైవాడికి కావాల్సిన తాళం కిందివాడి చేతిలో ఉంటే, ఆ తాళం వదిలేదాకా కిందివాడికి పైవాడి హోదా ఇచ్చెయ్యాలి. అప్పుడు మధ్యవాళ్లెవరూ అతన్ని నెట్టలేరు. పని ముగించి, తాళం ఇచ్చి, తన పాత హోదాకి తిరిగి వెళ్లిపోతాడు. పాత్‌ఫైండర్ సాఫ్ట్‌వేర్‌లో ఈ సదుపాయం ఉంది, కాకపోతే ఆ ఒక్క తాళానికి దాన్ని తెరవలేదు. నాసా వాళ్లు భూమి మీద ఉన్న నకలు యంత్రంలో అదే తప్పు మళ్లీ పుట్టించి కనిపెట్టి, కోట్ల కిలోమీటర్ల అవతలికి చిన్న సవరణ పంపారు.

గుంటూరులో కంట్రోలరుకి ఆ పత్రం అక్కర్లేదు. 11:10కి ఆయన చేసింది అదే. గూడ్సుకి ఎక్స్‌ప్రెస్ హోదా అరువిచ్చాడు. దాన్ని దిగువమెట్టలో ఆపకుండా త్రూ పంపేసి, 11:42కి గిద్దలూరు మూడో లైన్లోకి తెచ్చి పడేశాడు. వెనక దిగువమెట్ట ఖాళీ అయింది. 11:25కి చలమ నుంచి ఎక్స్‌ప్రెస్ ఆగకుండా బయల్దేరింది. దాని గీత ఎక్కడా అడ్డంగా పడుకోలేదు. మధ్యలో మీరు మాత్రం గిద్దలూరులో కూర్చున్నారు. పట్టీలో గూడ్సు మీకంటే కిందే, ఈ రాత్రికీ. కానీ దాని వెనక ఎవరున్నారో మీకు కనిపించలేదు.

నాకడిగితే, హోదాకీ గడువుకీ తూకం వేయడం అని సాఫ్ట్‌వేర్ వాళ్లు చెప్పుకునేదాంట్లో అసలు పని ఇదే. ఏది ముఖ్యం, ఏది తొందర అన్న రెండు ప్రశ్నలకి జవాబులు పట్టీలో దొరుకుతాయి. దారి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది అన్న మూడో ప్రశ్నకి మాత్రం పట్టీలో గడి లేదు. మన ఆఫీసుల్లో ఫైళ్లు ఆగేదీ ఇక్కడే. పై అధికారి సంతకం అనుకుంటాం, నిజానికి ఒక గుమాస్తా బల్ల మీద చిన్న కాగితం. ఆ గుమాస్తాని అందరూ మధ్యలో వేరే పనులకి పిలుస్తూనే ఉంటారు.

ఇంకో మాట. ప్రాసెసర్ మీద నడిచే పనిని సగంలో ఆపి పక్కన పెట్టొచ్చు, తర్వాత వదిలిన చోటు నుంచే అందుకోవచ్చు. కొండలో ఉన్న గూడ్సుని పక్కన పెట్టలేం. అందుకే కంట్రోలరు చిక్కొచ్చాక విప్పడు, రాకముందే చూస్తాడు. పక్క డివిజను "ఇంకో గూడ్సు పంపుతున్నా, తీసుకో" అంటే, గీతల మధ్య జాగా చూసి "ఇప్పుడు వద్దు, రెండు గంటలయ్యాక" అనగలగాలి. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగునా, ప్రపంచంలోని సర్వర్లలో ఎక్కువ వాటిలోనూ ఉండే లినక్స్‌కి ఆ మాట అనడం 2014లో వచ్చింది. గడువున్న పని వస్తే ఎంతసేపు పడుతుంది, ఎప్పటిలోపు, ఎంతసేపటికోసారి అని అడుగుతుంది. ఉన్నవాటితో కలిపి ఇమడకపోతే ముందే కాదంటుంది. పలకల వ్యాపారి నేర్చుకోవాల్సింది ఈ ఒక్క ముక్కే అనిపిస్తుంది. మార్కాపురంలో నోటి దగ్గరికొచ్చిన ఆర్డర్ని కాదనడం ఎంత కష్టమో ఆయన్నే అడగాలి.

ఈ లైనుకి రెండో దారి ఆ తర్వాత 2016-17లో మంజూరైంది. 401 కిలోమీటర్లు, అప్పటి అంచనా 3,631 కోట్లు, కేంద్రం సగం, రాష్ట్రం సగం. ముక్కలు ముక్కలుగా రెండో లైను తెరుస్తూ వచ్చారు. రెండు లైన్లొస్తే ఎదురు బండి బాధ తీరుతుంది. ముందు బండి బాధ తీరదు. నిదానంగా పోయే గూడ్సు వెనక ఎక్స్‌ప్రెస్ చిక్కుకుంటే దాన్ని ఎక్కడ పక్కకి తియ్యాలన్న లెక్క అప్పుడూ ఉంటుంది.

12:02. ఈసారి పట్టాలు మోగలేదు, కంపించాయి. మెయిన్ లైను మీద వెలుగు, హారన్, ఆ వెంటే ఒక గాలి. ఏసీ పెట్టెల నల్ల అద్దాలు, స్లీపర్ పెట్టెల్లో మసక దీపాలు, తలుపు దగ్గర నిలబడ్డ ఒక్క మనిషి, అన్నీ కన్నుమూసి తెరిచేలోపు కంభం వైపు వెళ్లిపోయాయి. ప్లాట్‌ఫారం మీద కాగితం కప్పులు దొర్లాయి. చివరి పెట్టె ఎర్రదీపం సన్నబడుతుంటే స్టేషన్ మాస్టరు ఫోను పెట్టేశాడు.

"ఇదా మనల్ని ఆపింది?" అంది అవ్వ.

"ఇదే అవ్వా."

"మరి ముందు దాన్నెందుకు తిట్టినారు అందరూ?"

మూడు నిమిషాలకి ఎర్రలైటు పసుపైంది. పెట్టెలు ఒకదాన్నొకటి లాక్కున్నాయి. పలకల వ్యాపారి సంచి చప్పుడైంది, ఆయన ఉలిక్కిపడ్డాడు. గిద్దలూరు దీపాలు వెనక్కి జరగడం మొదలయ్యాయి. మహానందిలో తెల్లారేలోపు మునకకి అవ్వకి ఇంకా టైముంది.

మూడో లైన్లో గూడ్సు ఇంజను పక్కగా దాటుతున్నప్పుడు కిటికీలోంచి చూడండి. అరువు హోదా తిరిగిచ్చేసింది, మళ్లీ పట్టీలో అడుగుకి చేరింది. డ్రైవరు మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మధ్యమధ్యలో చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఆయన ముందు సిగ్నలు ఇంకా ఎర్రగానే ఉంది.